విదేశీ విశ్వవిద్యాలయంలో ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా తరగతులు మొదలుపెట్టడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు

ఎక్స్ఛేంజ్ మీద వెళ్లే విద్యార్థి విదేశంలో డిగ్రీ చేయడానికి వెళ్లడం లేదు. అతని పేరు ఇక్కడి విశ్వవిద్యాలయం రిజిస్టరులోనే ఉంటుంది, ట్యూషన్ ఫీజు మామూలుగా ఇక్కడే కడతాడు, ఒకటి రెండు సెమిస్టర్లు అక్కడ చదివి తిరిగి వచ్చి పట్టా ఇక్కడే పుచ్చుకుంటాడు. మీరు చదివేది బరంపురంలోనైనా, గుణుపురంలోనైనా, భువనేశ్వర్‌లోనైనా, ఎల్ల దాటి విశాఖపట్నంలోనైనా ఈ మాట మారదు. కాబట్టి అక్కడి ప్రతి తరగతికీ ఇద్దరు లెక్క అడిగేవారు ఉంటారు: పాఠం చెప్పే ఆచార్యుడు ఒకరు, మీ మార్కుల జాబితాలో ఆ పాఠానికి చోటు ఇవ్వవలసిన ఇక్కడి పరీక్షల విభాగం మరొకరు. చాలామంది విద్యార్థులు వీసా గురించీ చలికోటు గురించీ నెలల తరబడి ఆలోచించి, ఈ రెండో వ్యక్తి సంగతి విమానం దిగాక గుర్తు చేసుకుంటారు. ఈ వ్యాసంలో ఆ వరుసను తిరగేసి, క్రెడిట్ల లెక్కతోనే మొదలుపెడుతున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా జర్మనీ నుంచి, కొన్ని అమెరికా నుంచి తీసుకున్నాను. మిగిలిన దేశాలలో పేర్లు మారతాయి గాని పని వరుస దాదాపు ఇదే.

మొదటి పని: క్రెడిట్లను కాగితం మీద తేల్చుకోవడం

యూరప్ విశ్వవిద్యాలయాలు చదువును ఈసీటీఎస్ అనే క్రెడిట్లలో కొలుస్తాయి. ఏడాదికి 60, సెమిస్టరుకు 30. ఒక్కొక్క క్రెడిట్ వెనుక తరగతి, ఇంటి చదువు, పరీక్షకు సిద్ధపడడం అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని ఉంటుంది. మన దగ్గర థియరీ క్రెడిట్‌ను సాధారణంగా 15 గంటల బోధనతో లెక్కిస్తారు, ఇంట్లో చదివే గంటలు అందులో కలవవు. రెండు కొలతలూ వేరు కాబట్టి అంకెకు అంకె పెట్టకూడదు. మీ కోర్సులో సెమిస్టరుకు 20 క్రెడిట్లు ఉంటే 30కి 20 అన్న నిష్పత్తి న్యాయంగా ఉంటుంది, అంటే అక్కడి 6 క్రెడిట్ల పేపరు ఇక్కడి 4 క్రెడిట్ల పేపరుకు సమానం. అయితే ఈ నిష్పత్తిని మీరో నేనో నిర్ణయిస్తే చెల్లదు. మీ విభాగాధిపతి, పరీక్షల నియంత్రణాధికారి కార్యాలయం కలిసి నిర్ణయించి, సంతకంతో ఇవ్వాలి.

దీనికోసం లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రం ఉంటుంది. అందులో ఒక వైపు అక్కడ మీరు తీసుకోబోయే కోర్సులు, ఎదురుగా వాటి బదులు ఇక్కడ మినహాయింపు పొందే పేపర్లు రాసి, మీరూ రెండు విశ్వవిద్యాలయాలవారూ సంతకం చేస్తారు. దీన్ని నింపేటప్పుడు కోర్సు పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ప్రతి కోర్సుకూ అక్కడి వెబ్‌సైటులో విషయ వివరణ ఉంటుంది. దానిని డౌన్‌లోడ్ చేసి, మీ సిలబస్‌లోని యూనిట్లతో పక్కపక్కన పెట్టి చూపించండి. 'ఆపరేషన్స్ రీసెర్చ్' అనే ఒకే పేరుతో ఒకచోట సాంకేతిక గణితమూ, ఇంకొకచోట మేనేజ్‌మెంట్ పాఠమూ ఉండవచ్చు. అడిగిన కోర్సుల్లో ఒకటి రెండు దొరకకపోవడం మామూలే కాబట్టి, అదనంగా మరో రెండింటికి కూడా ముందే ఆమోదం తీసుకుని ఉంచుకుంటే మంచిది.

గ్రేడ్ల మార్పిడిని కూడా ఇదే సమయంలో రాతపూర్వకంగా అడగాలి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 ఉత్తీర్ణతకు చివరి హద్దు, 5.0 తప్పినట్టు. మన పది పాయింట్ల లెక్కకు అలవాటుపడిన గుమస్తా ఎదుట 1.3 అని ఉన్న మార్కుల జాబితా పెడితే అతడు ఏమనుకుంటాడో ఊహించుకోవచ్చు. విదేశీ మార్కులను తమ కొలతలోకి మార్చడానికి జర్మన్ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా వాడే సూత్రం ఒకటి ఉంది: గరిష్ఠ మార్కు నుంచి మీకు వచ్చిన మార్కు తీసివేసి, దానిని గరిష్ఠ మార్కుకూ కనీస ఉత్తీర్ణత మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. గరిష్ఠం 10, ఉత్తీర్ణత 4 ఉన్న చోట 8 వచ్చిన విద్యార్థికి 2.0 అవుతుంది. ఇదే సూత్రాన్ని వెనక్కి తిప్పితే అక్కడి 2.0 ఇక్కడి 8 అవుతుంది. మీ విశ్వవిద్యాలయానికి సొంత పద్ధతి ఉంటే దాన్నే పాటిస్తారు, లేకపోతే ఈ సూత్రాన్ని వారి ముందు పెట్టవచ్చు.

ఇక క్యాలెండరు చిక్కు. జర్మనీలో శీతాకాల సెమిస్టరు అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది; పాఠాలు అక్టోబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు నడుస్తాయి, పరీక్షలు ఆ తరువాత. మీరు తిరిగి వచ్చేసరికి ఇక్కడ జనవరిలో మొదలైన సెమిస్టరు సగానికి చేరుతుంది, 75 శాతం హాజరు నిబంధన మెడ మీద ఉంటుంది. వేసవి సెమిస్టరు పాఠాలు ఏప్రిల్ నడిమి నుంచి జూలై నడిమి వరకు ఉంటాయి కాబట్టి అది ఇక్కడి ఏప్రిల్, మే పరీక్షలతో ఢీకొంటుంది. అమెరికాలో ఆగస్టు చివర మొదలై డిసెంబరు నడిమికి ముగిసే సెమిస్టరు మన క్యాలెండరుతో తక్కువ తగాదా పడుతుంది. ఏది ఎంచుకున్నా, ఆలస్యంగా చేరడానికీ హాజరు మినహాయింపుకూ ఉత్తర్వు చేతికి వచ్చాకే టికెట్టు కొనండి. 'వచ్చాక చూద్దాం లేవయ్యా' అని ఎంత మంచి మాస్టారు చెప్పినా ఆ మాటను నమ్ముకోవద్దు. మీరు తిరిగి వచ్చేనాటికి ఆయన ఆ కుర్చీలో ఉండకపోవచ్చు.

రెండో పని: పేరు ఒక్కటిగా ఉండడం

ఈ జిల్లాల తెలుగువారికి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒడియాలో రాసిన నివాస ధ్రువపత్రం నుంచి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు స్పెల్లింగు మరో విధంగా తయారవుతుంది. విదేశీ విశ్వవిద్యాలయం వీటిలో దేనినీ ప్రమాణంగా తీసుకోదు, పాస్‌పోర్టులో ఉన్న పేరునే తీసుకుంటుంది. ప్రవేశపత్రం, బీమా, బ్యాంకు ఖాతా, విద్యార్థి కార్డు, చివరకు ట్రాన్స్‌క్రిప్ట్ అన్నీ ఆ పేరు మీదనే వస్తాయి. ఆ ట్రాన్స్‌క్రిప్ట్ తిరిగి ఇక్కడి పరీక్షల విభాగానికి వచ్చినప్పుడు మీ రోల్ నంబరు మీద ఉన్న పేరుతో కలవాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యు (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే 'పేరు తెలియదు') అన్న మూడక్షరాలు పడతాయి. ఆ సమాచారమే తరగతి జాబితాలోకి దిగితే మొదటి రోజు ఆచార్యుడు మిమ్మల్ని 'ఎఫ్‌ఎన్‌యు' అని పిలిచే అవకాశం లేకపోలేదు. కాబట్టి దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేరువేరు గడుల్లో పూర్తిగా ఉండేటట్టు చూసుకోండి. అన్ని కాగితాలూ సరిచేయడానికి సమయం లేకపోతే, రెండు రూపాలూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్ చేయించి దగ్గర ఉంచుకోండి. ఒడియాలో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కూడా ఇక్కడే చేయించుకోవాలి, అక్కడ ఒడియా చదివేవారి కోసం వెతకడం అయ్యే పని కాదు.

మూడో పని: వీసా, డబ్బు, బీమా

వీసా విధానాన్ని ఆయా దేశాల వెబ్‌సైట్లు వివరంగానే చెబుతాయి కాబట్టి ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక్క విషయం చెబుతాను. భాషను బట్టి మనకు విశాఖపట్నం, హైదరాబాద్ దగ్గరగా తోస్తాయి గాని, కాన్సులేట్లు మీరు నివసించే రాష్ట్రాన్ని చూస్తాయి. ఒడిశా నివాసులకు అమెరికా వ్యవహారాలు హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోనూ, జర్మనీ వ్యవహారాలు కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోనూ ఉంటాయి. పలాసలోనో బరంపురంలోనో ఏ వైపు రైలెక్కాలో ముందు ఇది చూసుకుని నిర్ణయించుకోండి. శ్రీకాకుళంలోని మేనమామ ఇంటి చిరునామా ఇస్తే పని తేలికవుతుందని ఎవరైనా చెబితే వినకండి.

జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకు ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. ఈ అంకె అప్పుడప్పుడూ పెరుగుతుంది కాబట్టి దరఖాస్తు నాటి అంకెను చూసుకోండి. అమెరికాకు ఎక్స్ఛేంజ్ విద్యార్థులు సాధారణంగా జె-1 వీసా మీద వెళతారు. దానికి ఆతిథ్య విశ్వవిద్యాలయం పంపే డీఎస్-2019 పత్రం, ఒక్కొక్క అనారోగ్యానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్య ఖర్చు భరించే బీమా తప్పనిసరి. ఇక్కడి ఏజెంటు చవకగా అమ్మే ప్రయాణ బీమా ఆ హద్దుకు సరిపోతుందో లేదో పాలసీ పత్రంలో వెతికి చూడండి. కొందరు జె-1 విద్యార్థులకు చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు వర్తిస్తుంది; అది వీసా మీదనే రాసి ఉంటుంది. తరువాత అమెరికాలో ఉద్యోగం చేయాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

నాలుగో పని: ఇంటి నుంచే కోర్సుల్లో చేరడం

కోర్సుల నమోదు చాలాచోట్ల మీరు విమానం ఎక్కకముందే మొదలవుతుంది. సీట్లు తక్కువగా ఉన్న సెమినార్లు, ప్రయోగశాలలు మొదటి గంటలోనే నిండిపోవచ్చు, అందువల్ల గడియారం లెక్క ముఖ్యం. సెప్టెంబరులో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది, కాబట్టి అక్కడ ఉదయం 9కి పోర్టల్ తెరిస్తే ఇక్కడ మధ్యాహ్నం 12:30. అక్టోబరు చివరి ఆదివారం వారు గడియారాన్ని గంట వెనక్కి తిప్పాక తేడా నాలుగున్నర అవుతుంది. తేదీల దగ్గర కూడా జాగ్రత్త అవసరం: అమెరికా వారు 10/08 అని రాస్తే అది అక్టోబరు 8, మనం చదువుకునే ఆగస్టు 10 కాదు.

పోర్టల్ మిమ్మల్ని చేర్చుకోకపోతే వెంటనే నిరాశపడవద్దు. అక్కడి విద్యార్థులు ముందు సెమిస్టరులో చదివిన కోర్సు మీ రికార్డులో కనబడకపోవడం వల్లనే చాలాసార్లు అది అడ్డుపడుతుంది. ఆచార్యునికి చిన్న మెయిల్ రాయండి. 'నేను ఫలానా విశ్వవిద్యాలయం నుంచి ఈ సెమిస్టరుకు వస్తున్న ఎక్స్ఛేంజ్ విద్యార్థిని. మీ ఫలానా కోర్సులో నమోదు కాలేకపోతున్నాను. దానికి అవసరమైన పాఠాలను మా దగ్గర ఫలానా పేపరులో చదివాను, ట్రాన్స్‌క్రిప్ట్‌ను, సిలబస్‌ను జతచేశాను. చేరే అవకాశం ఉందా?' ఇంతకు మించి అక్కరలేదు. మన కళాశాల దరఖాస్తుల్లో ఉండే 'రెస్పెక్టెడ్ సర్', 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్', తండ్రి పేరు, రోల్ నంబరు, వినయ విధేయతల పేరా అంతా వదిలేయండి. మెయిల్‌ను విశ్వవిద్యాలయం ఇచ్చిన చిరునామా నుంచే పంపండి, ఎందుకంటే సొంత చిరునామా నుంచి వచ్చేవి చెత్తబుట్టలోకి పోయే ప్రమాదం ఎక్కువ.

ఐదో పని: చేరిన వారం

ప్రవేశపత్రం వచ్చినంత మాత్రాన మీరు విద్యార్థి అయిపోరు. ఇల్లు అలకగానే పండగ కాదు. జర్మనీలో ఆరోగ్య బీమా రుజువు అందితేనే నమోదు పూర్తవుతుంది. ట్యూషన్ ఫీజు మాఫీ అయినా సెమిస్టరు రుసుము కట్టాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఇక్కడి నుంచే ప్రయత్నించండి. అమెరికాలో మీరు వచ్చినట్టు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెప్పుకోవడం మొదటి పని. కార్యక్రమం మొదలైన 30 రోజుల్లోపు వారు మీ రాకను ప్రభుత్వ వ్యవస్థలో ధ్రువీకరించాలి. జె-1 మీద కార్యక్రమం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే దేశంలోకి రానిస్తారు, కాబట్టి మరీ తొందరపడి టికెట్టు కొనడం కూడా పనికిరాదు.

ఓరియెంటేషన్ కార్యక్రమాన్ని ఎగ్గొట్టవద్దు. అందులో సగం ఉపన్యాసాలు విసుగు తెప్పిస్తాయి, అది నిజమే, కాని పరీక్షల పోర్టల్‌లోకి ఎలా ప్రవేశించాలో, పాఠాల సామగ్రి ఏ వేదికలో పెడతారో ఒక్కసారి కూర్చోబెట్టి చూపేది అక్కడే. భారతీయ సిమ్‌కార్డును రోమింగ్‌లో బతికించి ఉంచండి, మన బ్యాంకుల ఓటీపీలు దానికే వస్తాయి.

ఆరో పని: తరగతిలో కూర్చోవడం

జర్మన్ టైమ్‌టేబుల్‌లో '10 సి.టి.' అని ఉంటే పాఠం 10:15కి మొదలవుతుంది, '10 ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా 10కి. పరీక్షలు సాధారణంగా రెండో పద్ధతిలో పెడతారు. ఈ రెండు అక్షరాల తేడా ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసుననుకుంటారు.

ఒకే కోర్సు కింద ఉపన్యాసం, ట్యుటోరియల్, ప్రయోగశాల అని రెండు మూడు వేర్వేరు గంటలు ఉండవచ్చు, వాటిలో విడివిడిగా నమోదు కావలసి రావచ్చు. ఉపన్యాసంలో వందలమంది కూర్చుంటారు, ఎవరూ హాజరు పిలవరు. దీన్ని చూసి మన పిల్లలు రెండు రకాలుగా దెబ్బ తింటారు. హాజరు లేదు కదా అని మానేసేవారు కొందరు. అన్ని ఉపన్యాసాలకూ వెళ్లి, అసలు లెక్కలు చేయించే ట్యుటోరియల్‌ను చిన్నచూపు చూసేవారు కొందరు. నా ఉద్దేశంలో కొత్తగా వచ్చిన విద్యార్థికి ట్యుటోరియలే ముఖ్యం, ఎందుకంటే ప్రశ్న అడగడానికి వీలున్న చోటు అదే, పరీక్షలో వచ్చేది అక్కడ చేసిన రకం లెక్కలే. సెమినార్ల సంగతి వేరు: అక్కడ ఇరవై ముప్పై మందే ఉంటారు, ముందే చదివి వచ్చి మాట్లాడాలి, ఒక అంశం మీద ప్రదర్శన ఇవ్వాలి, నోరు మెదపని విద్యార్థికి గ్రేడు తగ్గుతుంది.

మన దగ్గర ఇంటర్నల్ మార్కులు కొంత కాపాడతాయి. జర్మనీలో చాలా కోర్సులకు చివరి పరీక్ష ఒక్కటే గ్రేడును నిర్ణయిస్తుంది. అమెరికాలో దీనికి పూర్తి విరుద్ధంగా, మొదటి రోజు ఇచ్చే సిలబస్ పత్రంలో హోంవర్కుకు ఇన్ని శాతం, మధ్యంతర పరీక్షకు ఇన్ని, పాల్గొన్నందుకు ఇన్ని అని పంచి రాసి ఉంటుంది. ఆలస్యంగా ఇచ్చిన పనికి ఎంత కోత పడుతుందో కూడా అందులోనే ఉంటుంది. ఆ పత్రాన్ని మొదటి రాత్రే చదివి, తేదీలన్నీ ఫోనులో ఎక్కించుకోండి. నకలు విషయంలో రెండు చోట్లా కఠినంగానే ఉంటారు. స్నేహితుని రికార్డు చూసి రాసుకోవడం మన ప్రయోగశాలల్లో పెద్ద నేరం కాకపోవచ్చు, అక్కడ అది కోర్సు పోగొట్టుకోవడానికి చాలిన కారణం.

ఆచార్యులు వారంలో ఒక గంటను విద్యార్థుల కోసం కేటాయిస్తారు. ఆ సమయంలో వెళ్లడం ఆయనను ఇబ్బంది పెట్టినట్టు కాదు, అది మీ హక్కు. జర్మనీలో ముందుగా సమయం అడిగి వెళ్లాలి, అమెరికాలో తలుపు తెరిచే ఉంటుంది. 'నాకేమీ అర్థం కాలేదు' అని కాకుండా, మూడో లెక్కలో రెండో మెట్టు దగ్గర ఆగానని, అంతవరకు చేసిన కాగితం చూపండి.

భాష గురించి ఒక్క మాట. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు అలవాటైన పర్లాకిమిడి, రాయగడ పిల్లలకు కొత్త ఉచ్చారణ వినడం పెద్ద కష్టం కాదు. మూడు నాలుగు వారాల్లో చెవి కుదురుకుంటుంది. కష్టమంతా రాతలో ఉంటుంది. విశ్వవిద్యాలయాల్లో ఉచితంగా నడిచే రచనా సహాయ కేంద్రానికి మొదటి వ్యాసం రాసేటప్పుడే వెళ్లండి, రెండో వ్యాసం దాకా ఆగవద్దు. మన ఊళ్ల నుంచి చదువుకు దూరం వెళ్లడం కొత్తేమీ కాదు; బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి 1913లోనే న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు, అదీ ఓడ మీద.

ఏడో పని: మార్పులు, పరీక్షకు నమోదు

చాలాచోట్ల మొదటి ఒకటి రెండు వారాలే కోర్సులు మార్చుకోవడానికి ఉన్న గడువు. ఒక కోర్సు మీకు మరీ బరువుగా ఉందని తోస్తే ఈ లోపలే వదిలేయాలి, తరువాత వదిలితే అది ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చగా మిగులుతుంది. అమెరికాలో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి సాధారణంగా 12 క్రెడిట్లకు తగ్గకూడదు, అంతర్జాతీయ కార్యాలయం అనుమతి లేకుండా తగ్గితే అది వీసా ఉల్లంఘన అవుతుంది. అందువల్ల కొత్త కోర్సులో చేరిన తరువాతే పాతదాన్ని వదలండి.

మార్చిన ప్రతిసారీ లెర్నింగ్ అగ్రిమెంట్‌లో మార్పుల భాగాన్ని నింపి, కొత్త కోర్సు వివరణతో సహా ఇక్కడి విభాగాధిపతికి పంపి, సంతకం వచ్చేదాకా వెంటపడాలి. ఇక్కడి కార్యాలయాలు మెయిల్‌కు జవాబివ్వడంలో నిదానం కాబట్టి, వెళ్లే ముందే విభాగంలో ఒక జూనియర్ అధ్యాపకుడినో కార్యాలయ సహాయకుడినో పరిచయం చేసుకుని, అవసరమైతే నాన్నగారినో అన్నయ్యనో ప్రింటు పట్టుకుని ఆయన దగ్గరకు పంపే ఏర్పాటు చేసుకోండి. దీనికి నెల దాటనివ్వకూడదు.

జర్మనీలో ఇంకొక మెట్టు ఉంది. కోర్సులో పేరు ఉన్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. పరీక్షకు విడిగా, సెమిస్టరు మధ్యలో ఎక్కడో ఉండే గడువులోపు, వేరే పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ గడువు దాటితే నాలుగు నెలలు తరగతికి వెళ్లినా క్రెడిట్ రాదు. ఎక్స్ఛేంజ్ విద్యార్థులను ఈ పోర్టల్ కొన్నిసార్లు గుర్తించదు కాబట్టి, గడువుకు వారం ముందే ప్రయత్నించి చూసి, కుదరకపోతే పరీక్షల కార్యాలయానికి స్వయంగా వెళ్లి కాగితం మీద నమోదు చేయించుకుని, ముద్ర వేసిన ప్రతిని ఫోటో తీసి పెట్టుకోండి.